మొరగమంటే మొరిగిన కుక్క

నా భార్య గంగమణి పోయాక మా ఇంట్లో ముందు తగ్గింది చప్పుడు. నిజామాబాద్‌లో మా గల్లీ పొడుగునా పొద్దున్నే కుక్కర్లు విజిళ్ళు వేస్తాయి. మా వంటింటి కిటికీలోంచి మాత్రం ఏమీ వినిపించదు. అందుకే, ఊళ్ళకు వెళ్ళేవాళ్ళ కుక్కల్ని మా ఇంట్లో పెట్టుకుని చూసుకుంటానని ఫోన్‌లో ప్రకటన ఇచ్చాను. పైసల కోసమని అందరికీ చెప్పాను. నా పెన్షన్ నాకు సరిపోతుంది.

పక్కింటి హన్మవ్వ గోడ మీదుగా నవ్వింది.

"మంది పిల్లల్ని సూసేటోళ్ళను సూసిన గని సారూ, మంది కుక్కల్ని సూసేటోన్ని నిన్నే సూస్తున్న."

మొదటి ఫోన్ వచ్చింది. మేజర్ అఖిలేష్‌నన్నాడు. మిలిటరీలో పనట, బదిలీ మీద వస్తున్నాడట. తన లాబ్రడార్‌ని కొన్నాళ్ళు ఉంచుకోవాలట. పేరు బ్రూనో. ఫోటో కూడా పంపాడు. ఆ కళ్ళు చూసి నేను వరండాలో గోనెసంచి పరిచాను.

"ఏం తింటుంది?" అని అడిగాను.

"ఏది పెట్టినా తింటుంది సార్."

"ఉరుములకు భయపడుతుందా?"

"దేనికీ భయపడదు సార్."

అంత మంచి కుక్కను నేనెక్కడా చూడలేదు. హన్మవ్వకు చెబితే నవ్వలేదు.

"మా అల్లునికి గిట్లనే ఒక మిలిటరాయన ఫ్రిజ్ అగ్గువకు అమ్ముతనన్నడు. పైసలు పోయినయి, ఫ్రిజ్ రాలే. నీకు కుక్క వస్తదా?"

మధ్యాహ్నం అతను ఒక కోడ్ పంపాడు. దాన్ని స్కాన్ చేసి పిన్ కొడితే అడ్వాన్స్ నా ఖాతాలో పడుతుందన్నాడు. డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదని నాకు తెలుసు. బ్యాంకు గోడ మీదే రాసి ఉంటుంది. తెలిసీ ఫోన్ పెట్టేయలేకపోయాను. పెట్టేస్తే మోసగాడితో పాటు బ్రూనో కూడా పోతుంది.

బోధన్ అంగడిలో ఎద్దును కొనేముందు మా బాపు దాని చెవి దగ్గర మెల్లగా మాట్లాడేవాడు. అది ఆయన మాట విన్నట్టు అనిపిస్తేనే బేరం. నేనూ అదే పద్ధతి పెట్టుకుందామనుకున్నాను.

"ఫోన్ బ్రూనో చెవి దగ్గర పెట్టండి. ఒకసారి మాట్లాడతాను."

"కుక్క చెవి దగ్గరా?"

"అవును."

కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత మొరుగుడు. వెనక ఎక్కడో ఆటో హారన్.

"బ్రూనో, తిన్నావా?" అన్నాను.

మళ్ళీ అదే మొరుగుడు, అదే హారన్. ఇంకో మాట అన్నాను. మొరుగుడు, హారన్. రవ్వంత తేడా లేదు.

"ఆ ఆటో ఇంకా కదల్లేదా బాబూ?" అని అడిగాను.

ఫోన్ కట్టయింది.

పైసా పోలేదు. అయినా చాలాసేపు గోనెసంచి వైపు చూడకుండా కూర్చున్నాను.

"వచ్చిందా సారూ?" గోడ అవతలి నుంచి హన్మవ్వ.

"రాలేదు."

ఆమె అల్లుడి ఫ్రిజ్ మాట ఎత్తలేదు. ఉడకబెట్టిన మక్క గుడాల గిన్నె గోడ మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. వేడిగా ఉన్నాయి.

ఆ తర్వాత ఇంకో ఇద్దరు ఫోన్ చేశారు. వాళ్ళ కుక్కలూ ఏది పెట్టినా తినేవే, ఎక్కడైనా పడుకునేవే. ఆ నంబర్లు తీసేశాను. ప్రకటన కూడా తీసేద్దామనుకుంటుంటే నాగకుమారి అనే ఆవిడ ఫోన్ చేసింది.

"మాది బోధన్ దగ్గర ఆంధ్రా రైతుల క్యాంపండీ. గుంటూరు వైపు పెళ్ళికి వెళ్ళాలి. మా గోపీగాడితోనే చావొచ్చిందండీ. చెరకు ట్రాక్టర్ చప్పుడైతే మంచం కిందికి దూరతాడు. పెరుగన్నం తప్ప ముట్టడు, అదీ చల్లగా ఉండాలి. పోయినసారి మా ఆడపడుచు ఇంట్లో వదిలితే వాళ్ళ చెప్పులన్నీ కొరికేశాడు. మీరు ఉంచుకుంటారంటారా?"

డబ్బు మాటే రాలేదు. అయినా అడిగాను, ఫోన్ వాడి చెవి దగ్గర పెట్టమని.

"గోపీ" అని పిలిచాను. చప్పుడు లేదు. మళ్ళీ పిలిచాను.

"మొరగడండీ వీడు. వీడికి బుద్ధి పుట్టాలి" అంది ఆవిడ నొచ్చుకుంటూ. తర్వాత ఫోన్‌లో ఊపిరి వినిపించింది, ఆ వెంటనే తడితడిగా ఏదో చప్పుడు. "అయ్యో, ఫోన్ నాకేస్తున్నాడండీ."

"తీసుకురండి" అన్నాను.

"ముందే చెబుతున్నా, చాలా విసిగిస్తాడు."

"ఎట్లా విసిగిస్తాడో చెప్పండి."

ఆవిడ మొదలుపెట్టింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.