గడ్డకట్టిన నాలుక

ఫ్రీజర్లో బెండకాయ ముక్కల పొట్లం కోసం వెతుకుతుంటే శ్రీవల్లి చేతికి ఒక పాత పెరుగు డబ్బా తగిలింది. మూత తీసి చూస్తే లోపలంతా మంచుగడ్డ. ఆ గడ్డ నడుమ మడత పెట్టిన కాగితం, దానిమీద నల్ల సిరాతో ఒక పేరు. వెర్నర్. పక్కింటాయన పేరు అది.

2021 జనవరి. జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్‌లో యూనివర్సిటీ మూతపడి క్లాసులన్నీ ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసిన రోజులు. మాస్టర్స్ చదువుతున్న శ్రీవల్లి గుడ్రున్ ఇంట్లో పైగది అద్దెకు తీసుకుని ఏడాది కావస్తోంది. గుడ్రున్‌కు అరవై నాలుగేళ్ళు. మందుల షాపులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైంది. వంటింటి గోడకు ఎండిన ఆకుల కట్టలు వేలాడదీసేది, పౌర్ణమికి పెరట్లో దీపం పెట్టేది. ఏదో తోటపని పిచ్చి అనుకుంది శ్రీవల్లి.

డబ్బా పట్టుకుని హాల్లోకి వెళ్ళింది. "గుడ్రున్, ఇదేంటి?"

"అదా? తిరిగి పెట్టెయ్, కరిగిపోతుంది," అంది గుడ్రున్ అల్లిక సూదులు ఆపకుండా. "వెర్నర్ నోరు కట్టాను."

"నోరు కట్టడమంటే?"

"నేను మంత్రగత్తెను. నీకు చెప్పలేదూ?"

నేను శాకాహారిని అన్నంత మామూలుగా అంది.

డిసెంబర్‌లో ఒక రోజు శ్రీవల్లి చెత్త పారేయడానికి కిందికి వెళ్తే వెర్నర్ బాల్కనీలోంచి అరిచాడు. వైరస్ మోసుకొచ్చేది మీలాంటివాళ్ళే, మీ దేశానికి పో అన్నాడు. పైకి వచ్చి గుడ్రున్‌కు చెప్పుకుంది. ఆ తర్వాత కష్టపడి మరిచిపోయింది.

"నాకోసం చేశారా? నన్నొక మాట అడగలేదే!"

సూదులు ఆగాయి. "నిజమే. అడగాల్సింది," అంది గుడ్రున్.

కోపం రావాల్సిన చోట శ్రీవల్లికి ఆసక్తి ముంచుకొచ్చింది. డబ్బా చేతిలో ఉండగానే ఎదురుగా కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది. గుడ్రున్ దాపరికం లేకుండా చెప్పింది. వాళ్ళది ఏడుగురు ఆడవాళ్ళ బృందం. లాక్‌డౌన్ వచ్చాక ప్రతి గురువారం జూమ్‌లో కలుస్తారు. ఇలా ఒకరిమీద మంత్రం వెయ్యొచ్చా అన్నదానిమీద వాళ్ళలో వాళ్ళకే తగువు. ఎవరికీ కీడు తలపెట్టకూడదు, తలపెడితే మూడింతలై మనకే తిరిగొస్తుందని కొందరంటారు. అందరిలోకీ చిన్నదాని పేరు లేనా. పోలీసులూ కోర్టులూ పట్టించుకోని మనిషికి ఇంకే దారి మిగిలిందని ఆమె వాదన.

"మరి మీరు?"

"ఒంటికి హాని చెయ్యను. ఆపుతాను, అంతే. దొంగచాటుగా అసలే చెయ్యను. ఎవరిమీద చేశానో వాళ్ళకు తెలియాలి." అందుకే వెర్నర్ పోస్టుడబ్బాలో ఉత్తరం వేసి వచ్చిందట. అతను అన్న మాటలు ఒక్కటి వదలకుండా, తేదీతో సహా రాసింది. అందుకు తనేం చేసిందో రాసి, కింద సంతకం పెట్టింది.

శ్రీవల్లి చేతిలోని డబ్బాను అటూ ఇటూ తిప్పింది. తర్వాత అంది: "మా చిన్నబాపమ్మ ఉంది, బాలామణి. మా నాయనమ్మ చెల్లెలు. మెదక్ దగ్గర పల్లె. ఒకరింట్లో పిల్లకు జ్వరం తగ్గకపోతే ఆమే బాణామతి చేసిందన్నారు. కట్టేసి పళ్ళు పీకారు."

"పళ్ళెందుకు?"

"మంత్రం పలకకుండా. అదీ నోరు కట్టడమే."

గుడ్రున్ డబ్బా వైపు చూసింది. కరిగిన నీళ్ళు శ్రీవల్లి వేళ్ళమీదుగా కారుతున్నాయి. "నేను ఆలోచించుకోవాలి," అని డబ్బా అందుకుని వెళ్ళి ఫ్రీజర్లో పెట్టేసింది.

ఆమె ఆలోచన తెగకముందే, ఐదో రోజున పక్కింటి ముందు అంబులెన్స్ ఆగింది. వెర్నర్‌కు కరోనా. మర్నాటికి గొంతులో గొట్టం వేశారని వీధంతా తెలిసింది. మాట్లాడలేని స్థితి.

ఆ మధ్యాహ్నం వెర్నర్ భార్య ఆనెలీస్ వచ్చింది. క్వారంటైన్‌లో ఉండాల్సిన మనిషి, మాస్కు పెట్టుకుని గేటు బయటే నిలబడింది. చేతిలో ఆ ఉత్తరం.

"తీసెయ్ గుడ్రున్," అంది. "నువ్వు చేసిందేదో తీసెయ్. నిన్నేమీ అనను."

శ్రీవల్లికి చిన్నబాపమ్మ గుర్తొచ్చింది. బాలామణి ఇంటికీ ఆ జ్వరం పిల్ల తాలూకువాళ్ళు ముందు ఇలాగే వచ్చారట. తియ్యి తల్లీ అని కాళ్ళు పట్టుకున్నారట. ఏం తియ్యాలో తెలియక ఆమె నిలబడిపోతే, ఒప్పుకున్నట్టే లెక్కగట్టారట. శ్రీవల్లి గబగబా మెట్లు దిగి గుడ్రున్‌కు అడ్డంగా నిలబడింది.

"ఇదంతా ఉత్తదండీ. వైరస్ వల్ల వచ్చింది, ఈమె వల్ల కాదు."

"పక్కకు జరుగు," అంది గుడ్రున్ మెల్లగా. లోపలికెళ్ళి డబ్బా తెచ్చి మంచుగడ్డను మెట్టుమీద బోర్లించింది. బయట గడ్డకట్టే చలి, అది కరిగేలా లేదు. శ్రీవల్లి కెటిల్‌లో నీళ్ళు కాచి తెచ్చింది. తను నమ్మని పనికి తనే వేడినీళ్ళు పోస్తున్నందుకు ఆమెకు వింతగా ఉంది. పొగలు లేచాయి. కాగితం బయటపడింది. గుడ్రున్ దాన్ని గేటు మీద పెట్టి వెనక్కి జరిగింది.

"నోరు మూతపడాలని కోరుకున్నాను ఆనెలీస్. ఇలా కావాలని మాత్రం కోరుకోలేదు. నావల్లే అయిందా అంటే, తెలియదు."

ఆనెలీస్ తడికాగితం తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు గుడ్రున్ భోజనం చెయ్యలేదు. "నావల్ల కాదంటే ఇన్నేళ్ళూ చేసిందంతా ఆట. నావల్లే అంటే..." అని అక్కడే ఆపేసింది.

మర్నాడు శ్రీవల్లి ఇంటికి వీడియో కాల్ చేసి, ఫోన్ చిన్నబాపమ్మకు ఇమ్మంది. చిన్నప్పటినుంచీ అడగలేకపోయిన మాట అడిగింది. "నీకు నిజంగ మంత్రాలు వస్తయా బాపమ్మా?"

"వస్తే అప్పుడు వాళ్ళ చేతులు ఆపకపోదునా బిడ్డా?" బోసినోటితో నవ్వింది బాలామణి. "గని తర్వాత మస్తు శాపాలు పెట్టిన. ఏడాది పొడుగు, పొద్దుగాల లేవంగనే అదే పని. వాళ్ళ మక్కచేను ఇంకింత మంచిగ పండింది. ఇగ ఇసుగొచ్చి ఇడిసిపెట్టిన."

శ్రీవల్లి అది గుడ్రున్‌కు జర్మన్‌లో చెప్పింది. గుడ్రున్ పగలబడి నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఫిబ్రవరి చివర్లో వెర్నర్ ఇంటికొచ్చాడు. మనిషి సగమైపోయాడు, గొంతు బొంగురుపోయింది. చెత్తడబ్బాల దగ్గర ఎదురైనప్పుడు మొదటిసారి తనే పలకరించాడు. ఆ పలకరింపు భయం వల్లేమో అనిపించి శ్రీవల్లికి నచ్చలేదు.

"ఆ మంచుగడ్డకు భయపడకండి. అందులో ఏమీ లేదు," అంది.

"గడ్డ సంగతి కాదు," అన్నాడతను ఊపిరి కూడదీసుకుంటూ. "ఉత్తరం. ఆనెలీస్ నాకు చదివి వినిపించింది. ఇవి నువ్వన్న మాటలేనా అని అడిగింది. ఏమీ చెప్పలేకపోయాను."

క్షమించమని మాత్రం అనలేదు. చెత్తడబ్బా ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ గురువారం గుడ్రున్ తన బృందానికి అంతా చెప్పింది. ఇకమీదట ఎవరి నోరూ కట్టనని, ఉత్తరం మాత్రం రాస్తానని అంది. లేనా వెంటనే అడ్డు తగిలింది. "శాపం లేకపోతే ఆ ఉత్తరం చెత్తబుట్టలోకి పోయేది. భయపడింది కాబట్టే ఆనెలీస్ దాచిపెట్టింది. కాదా?"

గుడ్రున్ తల తిప్పి, పక్కన బీన్స్ తరుగుతున్న శ్రీవల్లి వైపు చూసింది. శ్రీవల్లి కత్తి పక్కన పెట్టి, కెమెరా ముందుకు కుర్చీ లాక్కుంది.

"దానికి జవాబు నాకూ తెలీదు. మిమ్మల్ని ఒకటి అడగొచ్చా? మీలో ఎవరికైనా అలాంటి ఉత్తరం వచ్చిందా? మీరు ఫలానా కీడు చేశారని?"

 తెరమీద ఒక జూమ్ కిటికీలో ఒకావిడ చెయ్యి ఎత్తింది. ఏం చెప్తుందోనని శ్రీవల్లి స్పీకర్ శబ్దం పెంచింది.