బీరువాలో పెట్టిన ఆట

మా బడి గోడ మీద ఏడు రంగుల్లో ‘ఆడుతూ పాడుతూ చదువు’ అని రాయించింది పెద్దమేడమ్. బడి ఆవిడదే. ఆ గోడ కిందే నా తరగతి పిల్లలు చేతులు కట్టుకుని, కిక్కురుమనకుండా కూర్చుంటారు. నాలుగైదేళ్ళ వాళ్ళు. ఆ అక్షరాలు చదవడం వాళ్ళకింకా రాదు కాబట్టి మా పరువు దక్కింది.

గది మూల అద్దాల బీరువా ఉంది. అందులో రంగురంగుల చెక్క ముక్కలు, పూసలు, జంతువుల బొమ్మలు. అన్నీ పిల్లలు ఆడుకోవడానికి కొన్నవే. తాళంచెవి మాత్రం పెద్దమేడమ్ మెడలో వేలాడుతుంది.

“పిల్లలు ముట్టుకుంటే పాడైపోవూ?” అంటుంది ఆవిడ. ఆ మాట అన్నప్పుడల్లా ఆ మొహంలో కాస్త సిగ్గు కనిపిస్తుందేమోనని చూస్తాను. ఎక్కడా ఉండదు. ఆ బొమ్మల మీద ఈగ వాలనివ్వదు. ఎవరైనా చూడ్డానికి వచ్చిన రోజున మాత్రం బయటికి తీసి, వాళ్ళు గేటు దాటగానే లోపల పెట్టేస్తుంది.

నేను ఆ తరగతి టీచర్ని. ఆవిడ తానా అంటే నేను తందానా అనాలి, అందుకే జీతం. నా మీద నాకే ఏమంత గౌరవం లేదు, ఇక మిగతావాళ్ళ సంగతి చెప్పాలా?

నా తరగతిలో పిచ్చుక అని ఒక పిల్ల ఉండేది. ఒకచోట కుదురుగా ఉండదని నేనే పెట్టిన పేరు. బడి వదలగానే గుమ్మం దగ్గర కుప్పగా పడున్న చెప్పులన్నీ జతలు చేసి, ఎవరివి వాళ్ళ ముందు పెట్టేసేది. ఒక్క జత తప్పేది కాదు. అంకెలు చెప్పమంటే మాత్రం “ఇరవై తొమ్మిది, ఇరవై పది” అనేది. పిల్లలంతా గొల్లున నవ్వేవాళ్ళు. ఆ నవ్వేవాళ్ళలో నూరు దాకా గడగడా అప్పజెప్పే మొనగాడు ఒకడున్నాడు. ఐదు పెన్సిళ్ళు తెమ్మంటే గుప్పెడు తెచ్చి నా మొహంలోకి చూస్తాడు. పిచ్చుకకి ఇరవై మీద పది చేరిందని తెలుసు. దానికి వేరే పేరు పెట్టారని మాత్రం తెలియదు.

ఈ తేడా పెద్దమేడమ్‌కి చెప్పాను. “మీరు మరీ లోతుకి పోతారు టీచర్” అని, అద్దం మీద మరక కనిపిస్తే చీరకొంగుతో తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఏడాది చివర ఎవరు ఒకటో తరగతికి పోవాలో, ఎవరు ఉన్నచోటే ఉండాలో తేల్చడానికి ఒక నిపుణుడు వస్తాడు. పిల్లల ఆటల మీద పరిశోధన చేసి డాక్టరు అయ్యాడట. అందుకని నా మనసులో ఆయన ఆటల డాక్టరు. పిచ్చుక నాన్న బస్సు డ్రైవరు. ఇంట్లో ఆయన అప్పటికే కూతుర్ని “మొద్దు” అనడం మొదలుపెట్టాడు. ఈ డాక్టరు కూడా అదే ముద్ర వేస్తే ఇక అది చెరగదు. నా భయమంతా అదే.

ఆ రోజు చాప పరిచి చెక్క ముక్కలన్నీ కుమ్మరించారు. డాక్టరు ఇస్త్రీ నలగకుండా కుర్చీ అంచున కూర్చుని, “ఆడుకోండి, ఆడుకోండి” అన్నాడు, కోళ్ళకి గింజలు విసిరినట్టు.

ఒక్కరు కదిలితే ఒట్టు. ఏడాది పొడుగునా ఆ బీరువా వైపు చెయ్యి చాస్తే చెయ్యి వాచేది. ఇవాళ ఉన్నట్టుండి ఆడమంటే ఎవరు నమ్ముతారు? అందరూ చేతులు కట్టుకుని ఆయన్నే చూస్తున్నారు.

“అబ్బ, ఎంత క్రమశిక్షణ!” అన్నాడు ఆటల డాక్టరు. పెద్దమేడమ్ మొహం చేటంత అయింది. ఆటల గురించి అంత చదివినవాడికి, బొమ్మల ముందు బిగుసుకుపోయిన పిల్లల్ని చూసి తోచింది ఆ ఒక్క మాటే. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు లేచింది పిచ్చుక. చెక్క ముక్కలు ఒళ్ళో వేసుకుని పిల్లల ముందు తలా ఒకటి పెట్టుకుంటూ వెళ్ళింది. తనకీ ఒకటి తీసుకుంది. మళ్ళీ మొదటి నుంచి తలా ఒకటి. అలా తిరిగి తిరిగి చివరికి మూడు మిగిలాయి. అందరికీ రావని దానికి తెలిసిపోయింది. కాసేపు ఆలోచించి, గదిలో ఏమీ అందని పెద్దవాళ్ళం ముగ్గురం ఉన్నామని గమనించి, డాక్టరుకొకటి, మేడమ్‌కొకటి, నాకొకటి ఇచ్చింది.

డాక్టరు ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి, ఏం చేయాలో తోచక బల్ల మీద పెట్టాడు.

“ఎవరు ముట్టుకోమన్నారే నిన్ను?” అని కసిరింది మేడమ్.

“పర్లేదు, పర్లేదు. ఏదీ, నూరు దాకా అంకెలు చెప్పు పాపా” అన్నాడు ఆయన.

పిచ్చుక హుషారుగా మొదలుపెట్టి ఇరవై పది దగ్గరికి వచ్చింది. ఆయన పెన్ను తీశాడు.

నేను ఉండబట్టలేకపోయాను. “సార్, ఆ పిల్ల ఇప్పుడు మీ కళ్ళముందే భాగహారం చేసింది.”

“భాగహారం మూడో తరగతి పాఠం కదమ్మా” అన్నాడు ఆటల డాక్టరు, నాకు తెలియని సంగతి చెప్పినట్టు.

పిచ్చుకని అదే తరగతిలో ఇంకో ఏడాది ఉంచమన్నారు. నిలకడ లేదు, అంకెలు రావు. అంతే.

వాళ్ళ నాన్నని పక్కకి పిలిచి జరిగిందంతా చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

“పంచిపెట్టడం నేర్చుకోడానికా టీచర్ గారూ బడికి పంపేది? అంత పెద్ద డాక్టరు గారికి తెలీదా? నేనే కూర్చోబెట్టి బట్టీ పట్టిస్తాలెండి.”

చెడ్డవాడు కాదు. అందుకే మరీ కోపమొచ్చింది. అన్న మాట ప్రకారం బస్సు ఎక్కేముందు, దిగాక, కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని వల్లె వేయించాడు. బడిలో మా వంతు మేం చేశాం. కుదురుగా కూర్చోబెట్టాం. మెల్లగా ఆ పిల్ల చెప్పుల దగ్గరికి వెళ్ళడం మానేసింది. తనవి తను వేసుకుని లైన్లో నిలబడేది.

మళ్ళీ ఏడాది డాక్టరు వచ్చాడు. చెక్క ముక్కలు కొన్ననాటి రంగు తగ్గకుండా చాప మీద మెరుస్తున్నాయి. పిచ్చుక ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది. అడగ్గానే లేచి నూరు దాకా అప్పజెప్పింది. ముప్పైని, ఎక్కేవాళ్ళు లేని స్టాపులా ఆగకుండా దాటేసింది.

“చూశారా, ఒక్క ఏడాదిలో ఎంత మార్పో!” అన్నాడు డాక్టరు. గుమ్మం బయట నిలబడ్డ డ్రైవరు కళ్ళు తుడుచుకున్నాడు. “నా బంగారం” అన్నాడు. ఆ మాట కోసం ఆ పిల్ల ఏడాదంతా ఎదురుచూసింది.

పిల్లల్ని నాకొదిలి పెద్దవాళ్ళంతా డాక్టరుని సాగనంపడానికి వెళ్ళారు. బీరువా తెరిచే ఉంది. నేను పిచ్చుక దగ్గర కూర్చున్నాను.

“పిచ్చుకా, అందరికీ తలా ఒకటి పంచవే.”

నా వంక అనుమానంగా చూసింది. “ముట్టుకోవచ్చా టీచర్?”

“ముట్టుకో తల్లీ. నేను చెప్తున్నాగా.”

ఒక ముక్క తీసుకుంది. గౌనుకి శుభ్రంగా తుడిచింది. తీసుకెళ్ళి బీరువాలో పెట్టింది. ఒకదాని తర్వాత ఒకటి, చాప మీదవన్నీ అలాగే తుడిచి లోపల పెట్టి, వేలిముద్ర పడకుండా మోచేత్తో అద్దం తలుపు మూసింది. వచ్చి చేతులు కట్టుకుని కూర్చుని, మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూసింది.