తొమ్మిదో నెల మళ్ళీ వచ్చిన ఏడు

దారానికి మైనం రాసి, వెలుతురుకేసి ఎత్తి పట్టి, మల్సుక్ రెండు సూదుల్లోకి ఎక్కించింది. ఒకటి తనకి, ఒకటి ఓక్వా అక్కకి. కొసలకి ముడి వేయకూడదు. శవానికి తొడిగే పోయేనాటి బట్టల్లో ముడి ఉండకూడదు. మొదలుపెట్టే చోట కాస్త దారం వదిలి, బొటనవేలితో అదిమి పట్టి కుట్టు సాగించాలి. ముగించే చోట కొసని బట్ట మడతలోకి జారవిడిచి కత్తిరించాలి. వెనక్కి తిప్పి కుట్టకూడదు. పోయేవాళ్ళు వెనక్కి తిరగకూడదు, ఎక్కడా చిక్కుకోకూడదు. కొరియాలోని ఆందోంగ్ బజారులో, ప్యో నారబట్టల కొట్టు వెనక గదిలో, ఆమె ముప్పై ఏళ్ళకు పైగా చేస్తున్న పని ఇదే.

ఆ ఏడు చంద్రుడి లెక్కలో తొమ్మిదో నెల రెండుసార్లు వచ్చింది. అధిక మాసం కొన్నేళ్ళకోసారి ఏదో ఒక నెలని పట్టుకుని వస్తూనే ఉంటుంది కానీ, తొమ్మిదో నెలకి రావడం ఆ ఊళ్ళో బతికున్నవాళ్ళెవరూ చూడలేదు. లెక్కలో మిగిలిపోయిన నెల అది. ఆ నెలంతా పైవాళ్ళు, దేవుళ్ళూ దేవతలూ, కళ్ళు మూసుకుంటారు. అందుకే పెళ్ళిమండపాలు ఖాళీగా ఉన్నాయి, ప్యో కొట్టు ముందు మాత్రం జనం. ఈ నెలలో పోయేనాటి బట్టలు కుట్టించి దాచుకుంటే ఆయుస్సు పెరుగుతుంది. నెల దాటాక, ఇంకా బతికున్నవాళ్ళ పోయేనాటి బట్టమీద సూది పెడితే, కుట్టడానికైనా విప్పడానికైనా, చావుని పేరు పెట్టి పిలిచినట్టే.

ఆ నెలకి ఆ రోజే ఆఖరు. బల్ల మీద మిగిలింది ఓక్వా బట్టలే. అందరివీ అయ్యాక తనవి కుట్టుకుంటానని ఆమె ఇన్ని అధిక మాసాలూ వాయిదా వేస్తూ వచ్చింది.

"ఇటివ్వు," అంది ఓక్వా చెయ్యి చాచి. ఎనభై దాటిన మనిషి. నడుం రెండుగా వంగిపోయింది కానీ వేళ్ళు ఇంకా వంగలేదు. ఎడమచేతి వాటం. "పొద్దున్నే ఆ మొహమేమిటే? మళ్ళీ ఏం కలగన్నావు?"

"ఏమీ లేదక్కా."

మల్సుక్‌కి భయం ఆకలి లాంటిది. వేళకి వచ్చేస్తుంది. పొట్టి మనిషి, గుండ్రటి భుజాలు, దూది పెట్టి కుట్టిన చేతుల్లేని కోటు. ఎడమ చూపుడువేలి కొస సూదిపోట్లకి గరుకుదేలి, చల్లబడ్డ చిలగడదుంప తొక్కలా ఉంటుంది. భర్త లారీ కింద పడి పోయినప్పుడు ఆయన బట్టలు కుట్టింది ఓక్వానే. డబ్బు లేదంటే, వచ్చి కూర్చుని చేతిసాయం చెయ్యి, సరిపోతుంది అంది. అలా వచ్చి కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. ఈ బల్ల దగ్గర కూర్చునే కూతుర్ని పెంచింది, పెళ్ళి చేసింది, కళ్ళద్దాలు మూడుసార్లు మార్చింది. ఆసుపత్రి ఉన్న వీధిలో మాత్రం ఇప్పటికీ నడవదు. చుట్టూ తిరిగి ఇంటికి పోతుంది.

మేజోళ్ళకి అడుగు కుడదామని బట్ట చేతిలోకి తీసుకుంది. సూది దింపి లాగింది. దారం సగంలో ఆగింది.

చూస్తే, కొసన ముడి ఉంది.

అది తన చేతి ముడే. ఎప్పుడు వేసిందో తెలియదు. తెల్లవారుజామున తన కోటుకి గుండీ కుట్టుకుంది. ఆ వేళ్ళు ఇంకా ఆ పనిలోనే ఉన్నట్టున్నాయి. ముడిని కత్తిరించి పారేసింది. ఇది మొదటిదేనా? వారంగా మూటలు కట్టి పంపిన బట్టలన్నీ ఒక్కొక్కటే కళ్ళముందు కదిలాయి. వాటిని వెనక్కి తెమ్మని ఎవరి ఇంటికి పోగలదు? పోయినవి పోయాయి. ఉన్నవి అక్కవే. ఇవాళ చీకటి పడేలోపు వీటినైనా వెతకాలి.

ఓక్వాకి చెప్పలేదు. ఇస్త్రీకి సాపు చేస్తున్నట్టు నటిస్తూ, పైచొక్కాని ఒళ్ళోకి లాక్కుని కుట్టు కుట్టునీ వేలికొసలతో తడమసాగింది.

ఓక్వా మాట్లాడుతూనే ఉంది. "నాకో అనుమానమే. ఈ నెల మళ్ళీ ఎవరికీ కనపడదంటున్నారు కదా. ఇందులో చచ్చినవాళ్ళకి తద్దినం ఏ రోజు పెడతారు?"

"అసలు తొమ్మిదో నెలలో పెడతారు. ముందుది."

"అంటే మనిషి చావకముందే తద్దినమా? బాగుంది. బతికుండగానే వచ్చి, కూర్చుని తినిపోవచ్చు."

"అక్కా, అలాంటి మాటలొద్దు."

"పైవాళ్ళు చూడరు కదే ఇవాళ. ఇవాళే మాట్లాడాలి."

ముందు గదిలోంచి ప్యో నవ్వు వినిపించింది. యాభై ఏళ్ళ లావుపాటి మనిషి, తండ్రి పోయాక కొట్టు చూసుకుంటున్నాడు. తలుపు సందులోంచి తల పెట్టి, "పెద్దమ్మా, నువ్వు పోతే తద్దినం బాధ్యత నాది. బన్ను రొట్టె, బార్లీ నీళ్ళు. సరేనా?" అన్నాడు.

"మీ నాన్న కూడా పిసినారే. కానీ ఆయన రొట్టెలో ఎర్ర బీన్సైనా ఉండేవి."

మల్సుక్ నవ్వలేదు. చేతులు, జబ్బలు, పక్కకుట్టు అయ్యాయి. మెడ పట్టీ లోపలికి వేలు దూర్చింది. అక్కడ తగిలింది. ఆవగింజ కంటే చిన్నది, గట్టిగా.

వేలు అక్కడే ఆగిపోయింది. పట్టీని వెనక్కి మడిచి కళ్ళద్దాలు దగ్గరగా పెట్టి చూసింది. ముడి చుట్టూ కుట్లు సన్నగా, సమంగా ఉన్నాయి. కానీ వాలు వేరు. తన కుట్టు కుడికి వాలుతుంది. ఇది ఎడమకి వాలింది.

పట్టీని మళ్ళీ యథాస్థానానికి మడిచింది.

"అక్కా. ఇక్కడ ముడి ఉంది."

ఓక్వా చేస్తున్న పని ఆపలేదు. "దొరికిందా? నీ వేళ్ళకి కళ్ళున్నాయే."

"పొరపాటున పడింది. విప్పేస్తాను."

"ఉండనీ."

"అక్కా."

"పొరపాటు కాదు. నేనే వేశాను." ఓక్వా సూదిని బట్టలో గుచ్చి వదిలేసి, సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కున్న అంగుస్తానాని తిప్పుకుంటూ కూర్చుంది. "ఎంతమందికి దారి సాపు చేసి పంపామే మనం. ఒక్కళ్ళూ వెనక్కి వచ్చి అక్కడ ఎలా ఉందో చెప్పలేదు. చీకటో వెలుగో. నాకు భయంగా ఉంది."

ఇన్నేళ్ళలో ఆమె నోట ఆ మాట మల్సుక్ వినలేదు. భయపడటం తన వంతు, నవ్వడం అక్క వంతు అనుకుంది ఇన్నాళ్ళూ.

"బావగారున్నారుగా అక్కడ," అంది ఏం అనాలో తెలియక.

"వాడు ఉన్నాడనేగా భయం. మళ్ళీ వండిపెట్టమంటాడు."

"చిక్కుకుపోతావక్కా. అటూ కాకుండా, ఇటూ కాకుండా."

"ఇటే ఉంటాను. ఈ బల్ల దగ్గరే. పోయాక కళ్ళు బాగుపడతాయంటారు కదా, నీ సూదిలో నేనే దారం ఎక్కిస్తా."

మల్సుక్ వీపు మీద ఎవరో తడి చెయ్యి పెట్టినట్టయింది. చిక్కుకున్నవాళ్ళు ఊరికే ఉండరు. విడిపించుకోవడానికి లాగుతారు, ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ళని లాగుతారు. ఓక్వాకి పిల్లల్లేరు. ఉన్న ఒక్క మేనల్లుడూ బూసాన్‌లో ఉంటాడు. దగ్గరగా ఉండేది తనే.

ఆమె మొహం చూసి ఓక్వా మెత్తబడింది. "సరేలే. చీకటి పడేలోపు నేనే ఆలోచించుకుంటా. విప్పాలనిపిస్తే విప్పుతా. ఆకలేస్తోంది, అన్నం పెట్టు."

సోయా పులుసులో అన్నం కలుపుకుని తిన్నారు. ఓక్వా ఊరవేసిన ముల్లంగి కిమ్చీ రెండోసారి వడ్డించమంది. తిన్నాక సూదిని సూదుల దిండుకి గుచ్చి, నేలకింద పెట్టిన వేడికి బాగా వెచ్చగా ఉండే మూలకి జరిగి, గోడవైపు తిరిగి పడుకుంది.

"వెలుతురు తగ్గకముందు లేపు," అంది.

మల్సుక్ రెండో మేజోడు కుట్టింది. కిటికీ అవతల పందిరి మీద ఎండ పసుపు రంగు నుంచి బూడిద రంగుకి తిరుగుతోంది. ఒళ్ళోని కుట్టుకంటే మెడ పట్టీ మీదే ఆమె ధ్యాస. అక్క విప్పుతుందా? విప్పనంటే? దొంగచాటుగా విప్పితే కనిపెట్టేస్తుంది, ఆ వేళ్ళ దగ్గర ఏదీ దాగదు. ఆఖరి కుట్టు జారవిడిచి, దారం కత్తిరించి, "అక్కా, వెలుతురు పోతోంది," అంది.

ఓక్వా పలకలేదు.

"అక్కా."

వేలికున్న అంగుస్తానా జారి నేలమీద పక్కకి దొర్లి ఉంది. మల్సుక్ దాన్ని చూసింది. మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. నేల వెచ్చగా ఉంది, అందుకే ఒళ్ళూ వెచ్చగానే ఉంది. నోటి దగ్గర పెట్టిన చేతికి మాత్రం ఏమీ తగల్లేదు.

తలుపు దాకా పాకి, ప్యో పేరు రెండుసార్లు పిలిచింది.

ఆ తర్వాతి పనులన్నీ ప్యో చేశాడు. డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడు. బూసాన్‌కి ఫోన్ పోయింది. మేనల్లుడు తేదీ అడిగినట్టున్నాడు. ప్యో గోడ మీది కేలెండరు కేసి చూస్తూ తడబడ్డాడు. "తొమ్మిదో నెలే బాబూ, కాని ఆ తొమ్మిది కాదు... లేదు, వచ్చే ఏడు ఆ రోజు ఉండదు." ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకున్నాడు. "తద్దినం ముందే అయిపోయినట్టేగా పిన్నీ. పెద్దమ్మ అన్నంత పనీ చేసింది."

బండి వచ్చింది. ఓక్వాని దుప్పటిలో మోసుకెళ్ళారు. "బట్టలు మూట కట్టివ్వు పిన్నీ, వాటినీ తీసుకెళ్ళాలి. చీకటి పడుతోంది," అని ప్యో బయటికి నడిచాడు.

గదిలో మల్సుక్ ఒక్కతే మిగిలింది. దీపం వేసింది. పైచొక్కా ఒళ్ళో పెట్టుకుంది. కాసేపట్లో నెల దాటుతుంది, పైవాళ్ళు కళ్ళు తెరుస్తారు. ముడి అక్కడే ఉంది. వదిలేస్తే, అక్క ఈ గదిలోనే ఉంటుంది. రాత్రి తలుపు తీసినప్పుడల్లా, సూదిలో దారం ఎక్కించినప్పుడల్లా, ఒక చెయ్యి ఆ కొసని పట్టుకుని ఉంటుంది. విప్పేస్తే, ఎవరూ చూడని ఆ దారిన, భయపడుతున్న మనిషి ఒక్కతే నడిచిపోవాలి. రేపు ఈ బల్ల దగ్గర తనూ ఒక్కతే.

"పిన్నీ," అని బయటినుంచి పిలుపు.

కత్తెర తీసి మళ్ళీ కింద పెట్టింది. సూదిమొన ముడిలోకి గుచ్చి, మొదట్లో ఓక్వా నేర్పినట్టే, లాగకుండా కొంచెం కొంచెంగా వదులు చేసింది. ముడి విడిపోయాక కూడా దారం మెలి తిరిగే ఉంది. దాన్ని తడివేలితో సాపు చేసి మడతలోకి జారవిడిచింది.

"వెళ్ళక్కా," అంది, తనకే వినపడనంత మెల్లగా.

మూట కట్టి ఇచ్చి వచ్చింది. బండి సందు మలుపు తిరిగిన చప్పుడు విని, అద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ బల్ల ముందు కూర్చుని, దీపం ఆర్పే ముందు సూదుల దిండు దగ్గరికి లాక్కుంది. వెనక ఎవరో ఉన్నట్టే ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు. పొద్దున ఓక్వా కోసం తను ఎక్కించిన దారం కొసని వేళ్ళ మధ్య చుట్టి, గట్టిగా బిగించింది.

ఆమె వెళ్ళిపోయాక ఖాళీ గదిలో, వీధి దీపం వెలుతురులో, దిండుకి గుచ్చిన ఓక్వా సూది, దానికి వేలాడే పొట్టి దారం, దాని చివర ఆవగింజంత ముడి.