తొమ్మిది రోజుల ఖాళీ

నేను ఒక డీప్ ఫ్రీజర్ని. ఐస్‌క్రీములూ కోడిమాంసమూ దాచుకునే రకం కాదు. సున్నాకి ఎనభై డిగ్రీలు కింద ఉండి వైరస్‌లను నిద్రపుచ్చే రకం. నిద్రపుచ్చేవాళ్ళకి నిద్ర ఎక్కడిది? పందొమ్మిదేళ్ళు రెప్ప వాల్చకుండా గుర్రుమంటూ నిలబడ్డాను, మధ్యలో తొమ్మిది రోజులు తప్ప. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక పరిశోధన కేంద్రం వెనకాల, విరిగిన కుర్చీల మధ్య, తలుపు ఊడిన ఒంటితో పడి ఉన్నాను. అలిసిపోయాను. అయినా ఆ తొమ్మిది రోజుల సంగతి చెప్పకుండా తుక్కులోకి పోవడం నాకు ఇష్టం లేదు.

పుట్టింది చలిదేశంలో. అక్కడివాళ్ళకి ఫ్రీజరెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఓడలో వచ్చి, రేవులో కాగితాల కోసం నాలుగు నెలలు, ఈ కేంద్రం వరండాలో కరెంటు పాయింటు కోసం ఏడు నెలలు నిలబడ్డాను. మే నెల ఉక్కలో నా కడుపు కాగిపోతుంటే నా నెత్తిన హెల్మెట్లూ టిఫిన్ క్యారేజీలూ పెట్టేవారు. ప్లగ్గు పెట్టిననాడు కొబ్బరికాయ కొట్టి, తలుపుకి పసుపు రాసి, పక్కన తెల్లరంగుతో 'ఫ్రీజర్ నంబర్ 2' అని రాశారు. నంబర్ ఒకటి ఎక్కడుందో పందొమ్మిదేళ్ళలో ఎవరూ నాకు చూపించలేదు.

నా తలుపుకి ఒక రిజిస్టరు వేలాడదీశారు. పొద్దునా సాయంత్రమూ నా ముఖం మీది అంకె చూసి, అందులో రాసి, సంతకం పెట్టాలని నియమం. మొదటి నెల అందరూ చూశారు. తరవాత ఒక సౌకర్యం కనిపెట్టారు. శనివారం మధ్యాహ్నం కుర్చీలో కూచుని, టీ తాగుతూ, వారం మొత్తానికీ కలిపి 'మైనస్ 80' అని పద్నాలుగు సార్లు రాసి, పద్నాలుగు సంతకాలు గిలికేవారు. పెన్నులు మార్చి మార్చి రాసిన బుద్ధిమంతులు కూడా ఉన్నారు. వైరస్ అంత చిన్న వస్తువుని పట్టుకోగలిగిన మనుషులు, అడుగు దూరంలో ఉన్న నా ముఖం చూడలేకపోయారు.

చూసే మనిషి ఒక్కతే ఉండేది, నూకరత్నం. నేను వచ్చిన రెండేళ్ళకి, ఇరవై ఆరేళ్ళ వయసులో, డాక్టరేటు చేతపట్టుకుని ప్రాజెక్టు ఉద్యోగంలో చేరింది. తండ్రి చేపలరేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో గడ్డలు కొట్టేవాడట. అందుకేనేమో, నా తలుపు తీసినప్పుడల్లా ముందు అరచెయ్యి లోపల చాచి చలి చూసుకునేది. నాకు ఆ చెయ్యంటే ఇష్టం.

ఆమె పని పసిపిల్లల విరేచనాల మీద. పెద్దాసుపత్రి పిల్లల వార్డుకి పోయి, తల్లుల్ని బతిమాలి, డబ్బాల్లో మలం తెచ్చుకునేది. తోటివాళ్ళు ముక్కు మూసుకుని నవ్వేవారు. మూడేళ్ళ తరవాత జాలరిపేట పసికందు ఒకడి దగ్గర ఒక వింత దొరికింది. వాడి కడుపులో విరేచనాలు తెచ్చే వైరస్ ఉంది, వాడికి మాత్రం ఏ జబ్బూ లేదు. ఆ మెతక వైరస్‌ని తెచ్చి, కణాల్లో పెంచి, దాని సంతానాన్ని మళ్ళీ కొత్త కణాల్లో పెంచి, కోరలు పూర్తిగా ఊడేదాకా తరం తరవాత తరం సాకింది. దాన్ని టీకాకి విత్తనంగా వాడాలని ఆమె ఆశ. కణాలకి రెండు రోజులకొకసారి మేత మార్చాలి. వాటికి ఆదివారం తెలీదు, పండగ తెలీదు. పన్నెండేళ్ళ పాటు ఆమెకీ తెలియకుండా పోయింది.

ఉద్యోగం పదకొండు నెలలది. పదకొండు నెలలు కాగానే ఒక్కరోజు విరామమిచ్చి, ఇంటర్వ్యూ చేసి, మళ్ళీ పదకొండు నెలలు ఇచ్చేవారు. మగవాళ్ళని వైరస్ గురించి అడిగేవారు. ఈమెని మొదట పెళ్ళెప్పుడని, తరవాత పిల్లలెప్పుడని, తరవాత పిల్ల ఉంది గదా ల్యాబులో ఎంతసేపుంటారని అడిగారు. కాన్పు సెలవు ప్రాజెక్టువాళ్ళకి లేదు. ఆ ఒక్కరోజు విరామంలోనే కనెయ్యమని నియమం రాసినవారి ఉద్దేశం కాబోలు. జీతం లేకుండా మూడు నెలలు ఇంట్లో ఉండి వచ్చింది. ఆ మూడు నెలలూ కణాలకి మేత మార్చింది ల్యాబులో గాజుసామాను కడిగే పైడమ్మ. ఐదో తరగతి చదివిన పైడమ్మ ఎన్నడూ కణాల్ని మాడ్చలేదు. ఏ పరిశోధనపత్రంలోనూ ఆ సంగతి లేదు.

ఒక టీకా కంపెనీ విత్తనం తీసుకుంటామని మాటిచ్చిన నెలలోనే తుపాను వచ్చింది. ఊరి చెట్లన్నీ నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు మెలితిరిగాయి. జనరేటరు రెండు గంటలు తిరిగి డీజిలు లేక ఆగిపోయింది. నా గొంతు మూగబోయింది. తలుపు తియ్యకుండా ఉంటే నాలో చలి కొంతసేపు నిలుస్తుంది, కానీ నేనేమీ హిమాలయాన్ని కాదు. ముప్పై గంటలకి నా లోపల మైనస్ ముప్పై ఎనిమిది.

ఫోన్లు లేవు. అధికారులు ఎవరిళ్ళలో వాళ్ళున్నారు. మర్నాడు మధ్యాహ్నం నూకరత్నం ఏడు కిలోమీటర్లు పడిన చెట్లు దాటుకుంటూ నడిచి వచ్చింది. పైడమ్మ ఆమెకంటే ముందే వచ్చి గుమ్మంలో కూచుని ఉంది. రేవు నుంచి తెప్పించిన ఐసులో ఉప్పు కలిపి, విత్తనం ఉన్న ముప్పై ఆరు వేలెడంత సీసాల్ని అందులో కుక్కి, థర్మోకోల్ పెట్టెని పైడమ్మ చేపలతట్ట ఎత్తుకున్నట్టు నెత్తికెత్తుకుంది. ఎక్కడికంటే, ఊరి శివార్లలోని పశువుల కేంద్రానికి. ఆవుల్ని కట్టించడానికి కోడెల వీర్యం దాచే, నాకంటే చల్లటి ద్రవ నైట్రోజన్ క్యాన్లు అక్కడున్నాయి. వాటికి కరెంటు అక్కర్లేదు.

అక్కడి కాంపౌండరు ఏ కాగితమూ అడగలేదట. "పిల్లల మందంటున్నారు గదమ్మా, ఒంగోలు గిత్త పక్కన జాగా ఉంది, ఎట్టీసుకోండి" అన్నాడట. అలా పన్నెండేళ్ళ విజ్ఞానం తొమ్మిది రోజులు గిత్త పక్కన తలదాచుకుంది. నాలో మిగిలిపోయిన తక్కిన శాస్త్రవేత్తల సరుకంతా కరిగి కంపుకొట్టింది.

పదో రోజు కరెంటు వచ్చింది, సీసాలు నా దగ్గరికి తిరిగొచ్చాయి. నూకరత్నం రిజిస్టరు తెరిచి, తొమ్మిది రోజుల గళ్ళు ఖాళీగా వదిలి, కింద తన చేతిరాతతో జరిగిందంతా రాసి సంతకం పెట్టింది. దాని బహుమతిగా మెమో అందింది. అనుమతి లేకుండా వైరస్‌ని నడివీధిలో మోయించి పశువుల దగ్గర పెట్టినందుకు సంజాయిషీ ఇవ్వాలి. సీసాలకి ఎర్రటేపు చుట్టి, విచారణ తేలేదాకా ముట్టకూడదన్నారు.

విభాగం పెద్ద డాక్టర్ విశ్వంభరరావు చెడ్డవాడు కాదు. ఆడిట్ అంటే వణికే మంచివాడు. కంపెనీ విత్తనం కోసం తొందరపెట్టేసరికి ఆయనొక దారి వెతికాడు. సీసాలు ఏనాడూ నన్ను విడిచి వెళ్ళలేదనీ, నేను ఏనాడూ ఆగలేదనీ కొత్త పేజీ రాయించి తెచ్చాడు. ఆమె సంతకం పెడితే మెమో పోతుంది, పర్మనెంటు ఉద్యోగానికి ఆమె పేరు పైకి వెళుతుంది. పెట్టకపోతే విత్తనానికి పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి, ఏడాది పైనే పడుతుంది. ఆమె పదకొండు నెలలు ఆ నెలాఖరుతో సరి.

నిజం చెబుతున్నాను, ఆమె సంతకం పెట్టాలని నేను కోరుకున్నాను. ఆగిపోయిన ఫ్రీజరని అనిపించుకోవడం నాకు మాత్రం సరదానా? ఆ పేజీ ఆమె ఉద్యోగాన్నే కాదు, నా పరువునీ కాపాడేది.

"ఒక్క పేజీయే కదా రత్నం," అన్నాడాయన. "శనివారం శనివారం మనవాళ్ళు వారమంతా కలిపి రాసెయ్యట్లేదా?"

"వాళ్ళు చూడకుండా రాసినారు సార్. నేను చూసీసినాను. చూసిన తర్వాత ఎలాగ రాస్తాను?"

ఆయన గొంతు తగ్గించాడు. "ఏడాది ఆలస్యమంటే ఎంతమంది పిల్లలు పోతారో నీకు నేను చెప్పాలా?"

ఆ మాట ఆమెకి తగలవలసిన చోటే తగిలింది. ఆయన వెళ్ళాక నా తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

పైడమ్మ ఊరుకోలేదు. "రాసీ అమ్మా. ఆలందరూ రాసీనేదా? నీకొక్కదానికే ఏటీ సత్తెం? పిల్లున్నాది నీకు."

నూకరత్నం మెల్లగా జవాబు చెప్పింది. ఐసులో ఉప్పు ఎంత కలిపినా మైనస్ ఇరవై దాటదు. పశువుల కేంద్రానికి నడిచిన ఆ రెండు గంటల్లో లోపలి విత్తనం బతికిందో చచ్చిందో ఎవరికీ తెలీదు. చచ్చిన మందు చుక్కలు వేస్తే పసిబిడ్డకి ఏమీ కాదు, కానీ తల్లి మాత్రం నా బిడ్డకి టీకా పడిందని ధీమాగా ఉంటుంది. ఆ ధీమాతోనే విరేచనాలు పట్టినప్పుడు ఆసుపత్రికి ఆలస్యంగా వస్తుంది. ఆ తల్లుల్ని డబ్బాల కోసం బతిమాలింది తనే. ఇంత చెప్పి, "నాకు భయంగా ఉంది పైడమ్మా" అంది. సంతకం మాత్రం పెట్టలేదు.

నెలాఖరుకి ఆమె వెళ్ళిపోయింది. గాజువాకలో ఒక రక్తపరీక్షల ల్యాబులో చేరి, మూత్రంలో చక్కెర చూస్తోందని పైడమ్మ ఎవరితోనో చెబుతుంటే విన్నాను. వైరస్‌ల జోలికి మళ్ళీ పోదామంటే అనుభవపత్రం కావాలి. దానికి కేంద్రానికి బాకీలేమీ లేవనే నో డ్యూస్ కాగితం కావాలి. ఎర్రటేపు సీసాలు తేలేదాకా నో డ్యూస్ ఇవ్వరు. మనుషులు వైరస్‌ని కట్టడి చెయ్యడం నేర్చుకోలేదు గానీ మనిషిని కట్టడి చెయ్యడం బాగా నేర్చారు.

ఆమె రాసిన పేజీ నన్నూ వదల్లేదు. తొమ్మిది రోజులు ఆగిన యంత్రాన్ని నమ్మలేమని కమిటీ తేల్చింది. కొత్తది రాగానే నన్ను తుక్కులో వెయ్యాలని రాశారు. అబద్ధాల పేజీలు ఎనిమిది వందల పైచిలుకు ఉన్న ఆ రిజిస్టరులో, నన్ను బయటికి గెంటింది ఒక్క నిజం పేజీ. మొదట్లో ఆమె మీద కోపం వచ్చింది. ఆ కోపం కూడా అలిసిపోయింది.

పద్నాలుగు నెలలకి పరీక్షల ఫలితం వచ్చింది. సీసాలు అప్పగించడానికి రిజిస్టరులో ఆమె సంతకం కావలసి, కబురు పెట్టి పిలిపించారు. మనిషి చిక్కిపోయింది. అలవాటు చొప్పున అరచెయ్యి లోపల చాచి చలి చూసుకుంది. విశ్వంభరరావు ఎర్రటేపు కత్తిరించి, ఫలితం కాగితం ఆమె చేతికిచ్చాడు. ముప్పై ఆరు సీసాలూ బాగున్నాయి. విత్తనం చెక్కుచెదరలేదు. కంపెనీ వాళ్ళు వచ్చే వారమే తీసుకువెళతారు.

"చూశావా," అన్నాడాయన. ఆ గొంతులో గెలుపు లేదు, జాలే ఉంది. "ఆరోజు సంతకం పెట్టి ఉంటే ఏమీ అయ్యేది కాదు. నీ ఉద్యోగం ఉండేది. ఈపాటికి మొదటి చుక్కలు పడి ఉండేవి."

"బాగున్నాయని ఇప్పుడు తెలిసింది సార్. మీరు సంతకం అడిగింది అప్పుడు."

ఆమె రిజిస్టరులో సంతకం పెట్టి, పెన్ను మూసి, ఆయన వైపు తిరిగింది.

"ఈ పద్నాలుగు నెలల్లో పెద్దాసుపత్రి వార్డులో విరేచనాలతో ముప్పై ఎనిమిది మంది పిల్లలు పోయారు సార్. నెలనెలా ఎళ్ళి అడిగినాను. అందులో ఎంతమంది ఆ చుక్కలతో బతికుండేవారో నాకు తెలీదు. అందరూ నా మీదే ఉన్నారనుకుంటన్నాను. అయినా మీరు ఆ కాగితం ఇప్పుడు మళ్ళీ తెచ్చినా నేను పెట్టను."

విశ్వంభరరావు తల దించుకుని నో డ్యూస్ మీద సంతకం చేసి ఇచ్చాడు. టీకా గురించి ఆయన రాసిన పత్రంలో ఏడుగురి పేర్లున్నాయి. ఆమె పేరు అందులో లేదని ఆయనా చెప్పలేదు, ఆమే అడగలేదు.

నూకరత్నం కాగితం మడిచి సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది. ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు నాకు చాలాసేపు వినిపించింది. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, గోడ పట్టుకుని, మళ్ళీ దిగుతోంది. ఆమె వయసు నలభై మూడు. ఆ వయసు మనిషి మెట్లు అలా దిగకూడదు.