జాతర ఫొటో

తిరుపతి నుంచి చంద్రగిరి పోయే రోడ్డు మీద, ఊరి చివర, మోటార్లు బాగుచేసే షెడ్డు ఒకటి ఉంది. కాలిపోయిన బోరు మోటార్లను చుట్టుపక్కల రైతులు ఆటోల్లో వేసుకొచ్చి అక్కడ దింపుతారు. లోపల మాడిపోయిన రాగి తీగను ఊడదీసి, కొత్త తీగ చుట్టి, మోటారు మళ్ళీ తిరిగేలా చేయడం మునికుమార్ పని. పన్నెండేళ్ళుగా ఆ షెడ్డులో జీతానికి చేస్తున్నాడు. అతని చేతి మీదుగా పోయిన మోటారు తొందరగా వెనక్కి రాదని రైతులకు నమ్మకం.

షెడ్డు పక్కనే వరదయ్య టీ బంకు. ఆ ఉదయం బంకు ముందర నలుగురైదుగురు నిలబడి ఉన్నారు.

"ఏమప్పా కుమారూ, ఫారిన్ పోతా ఉండావంట. ఏం పని ఆడ?" అని అడిగాడు వరదయ్య.

మునికుమార్ గ్లాసులోకి చూస్తూ, "మోటార్ల కంపెనీలోన్నా. వాళ్ళే పిలిచినారు" అన్నాడు.

అతన్ని ఏ కంపెనీ పిలవలేదు. పిలిచింది అతని భార్య కోమలి. రెండేళ్ళుగా ఆమె ఐర్లాండులో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తోంది. భర్తను తన దగ్గరికి తెచ్చుకోవడానికి అక్కణ్ణుంచి ఆమె, ఇక్కణ్ణుంచి ఇతను కాగితాలు సిద్ధం చేసుకొని వీసాకు దరఖాస్తు పెట్టుకున్నారు. ఆ మాట నలుగురిలో చెప్పడానికి మునికుమార్‌కు నోరు రాలేదు.

ఇందులో దాచుకోవలసింది ఏముందని చదివేవారికి అనిపించవచ్చు. కానీ మన ఇళ్ళలోకే ఒకసారి తొంగి చూద్దాం. మగవాడు ముందు పోయి తర్వాత భార్యను పిలిపించుకుంటే, బంధువులంతా బండి మాట్లాడుకొని చెన్నై విమానాశ్రయం దాకా పోయి సాగనంపి వస్తారు. భార్య ముందు పోయి భర్తను పిలిపించుకుంటే, ఆ బండిలో కూర్చున్నవాళ్ళే ఒకరినొకరు చూసుకొని నవ్వుకుంటారు.

మునికుమార్ ఇంట్లో ఆ నవ్వు కూడా లేదు. అన్న మునిశేఖర్ ఉన్న మాట మొహం మీదే అనేవాడు.

"పెండ్లాం సంపాదిస్తా ఉంటే నువ్వు ఆడ గిన్నెలు తోముకుంటా కూసుంటావా? మనింట్లో ఎవుడన్నా చేసినాడా ఇట్లాంటి పని? నలుగురూ అడిగితే నేను ఏం చెప్పేది?"

ఆ మాట అంటూనే తిన్న పళ్ళేన్ని అక్కడే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. వదిన వచ్చి పళ్ళెం ఎత్తుకుపోయింది. అందులో వింత ఏమీ ఎవరికీ కనబడలేదు, మునికుమార్‌కు కూడా.

దరఖాస్తు నింపించడానికి అతను ఊళ్ళోనే ధనంజయ అనే ఏజెంటు దగ్గరికి పోయాడు. మొదటి కాగితంలోనే 'ఎవరి మీద ఆధారపడి వస్తున్నారు?' అన్న ప్రశ్న ఉంది. ఏజెంటు ఆ ప్రశ్నను తెలుగులో చదివి వినిపించేసరికి మునికుమార్ చెవులు వేడెక్కాయి.

"భార్య మీద అని రాయొద్దు సార్."

"ఆ గడి మార్చేదానికి లేదప్పా. అయితే విడిగా ఒక ఉత్తరం పెట్టాల. దాంట్లో కావాలంటే నిన్ను కొంచెం పెద్దగా చూపిస్తా."

అట్లాగే చూపించాడు. షెడ్డు మునికుమార్ సొంతమనీ, ఆ దేశంలో వ్యాపారం పెట్టి భార్యను తానే పోషించబోతున్నాడనీ ఇంగ్లీషులో రాసిచ్చాడు. ఇద్దరూ ఫోనులో రాసుకున్న మెసేజీలు కూడా ఆధారంగా జతచేయాలన్నాడు. వాటిలో "బియ్యం అయిపోయినాయా? డబ్బు పంపేనా?" అని కోమలి రాసినవి ఎన్నో ఉన్నాయి. అవి పరాయివాళ్ళ కంట పడతాయని మునికుమార్ ఒక్కటీ ఇవ్వలేదు. పెళ్ళి ఆల్బంలోంచి పది ఫొటోలు తీసిచ్చి, ఉత్తరం కింద సంతకం పెట్టాడు.

మార్చి చివర జవాబు వచ్చింది. వీసా రాలేదు. ఆ ఇంగ్లీషు జవాబును మునికుమార్ అట్లాగే కోమలి ఫోనుకు పంపాడు.

మరునాడు మధ్యాహ్నం అన్నం వేళకు కోమలి ఫోన్ చేసింది. అక్కడ అప్పుడే తెల్లవారింది. రాత్రి డ్యూటీ దిగి వచ్చినట్టుంది, గొంతు అలసిపోయి ఉంది.

"మామా, నన్ను నువ్వు పోషిస్తానని రాసినావా?"

మునికుమార్ అన్నం పళ్ళెం పక్కకు జరిపాడు.

"షెడ్డు నీదేనని రాసినావా?"

"నేను రాయలేదు. ఆ ఏజెంటు రాసినాడు."

"సంతకం ఎవురిది?"

"నాదే."

కోమలి అంది. "మా ఆయన మోటార్లు చుట్టేదాంట్లో మొనగాడు, వచ్చినాక కొన్నాళ్ళు నా జీతంతో ఉంటాడు, ఆమీట ఆయన పని ఆయన సూసుకుంటాడు అని నేను ఈడ అందరికీ చెప్పుకుంటి. నా కాగితాల్లోనూ అదే రాసిస్తి. నాకు లేని నామోషీ నీకెందుకు వచ్చె?"

"నీకేం తెలుసు మే, ఈడ మనుషులు ఎట్లా మాట్లాడతారో!"

"తెలీక కాదులే. మళ్ళీ రాసుకునేదానికి రెండు నెలలు గడువిచ్చినారు. నువ్వు నిజం రాస్తానంటే రాయి. రాయనంటే జాతర అయినాక నేనే రాజీనామా ఇచ్చి వచ్చేస్తా. ఇట్లా ఎన్నేండ్లని చెరొక దిక్కున ఉండేది?"

ఈ సంగతి విని మునిశేఖర్ సంతోషించాడు. "రానీ. ఆడమనిషి ఇంటికి వచ్చేదే మేలు" అన్నాడు.

మునికుమార్ మాత్రం సంతోషించలేకపోయాడు. ఆ ఉద్యోగం కోసం పెట్టే ఇంగ్లీషు పరీక్షలో కోమలి మూడుసార్లు తప్పి, నాలుగోసారి గెలిచింది. రెండు నిమిషాలు ఆగకుండా ఇంగ్లీషులో మాట్లాడడం అలవాటు చేసుకోవడానికి, వంటింటి గడప మీద కూర్చొని రోజూ మాట్లాడేది. ఎదురుగా గడియారం పట్టుకొని కూర్చున్నది మునికుమారే. ఆమె చెప్పేదాంట్లో ఒక్క ముక్కా అతనికి అర్థమయ్యేది కాదు. ఆమె ఎక్కడ తడబడిందో మాత్రం తెలిసేది. అంత కష్టపడి దక్కించుకున్న ఉద్యోగాన్ని ఆమె ఇప్పుడు తన అబద్ధం వల్ల వదులుకోబోతోంది. ఇది తెలిసి కూడా అతను కలం పట్టలేదు. షెడ్డులో తీగ చుట్టేటప్పుడు లెక్క తప్పి, చుట్టింది మళ్ళీ విప్పుకునేవాడు.

అట్లా ఉండగానే మే నెల వచ్చింది. గంగజాతర మొదలైంది.

తిరుపతి గంగమ్మ జాతరలో, మొక్కు ఉన్న మగవాళ్ళు ఆడవేషం కట్టుకొని అమ్మవారి గుడికి పోతారు. మునికుమార్‌కు మూడేళ్ళ వయసులో ఒళ్ళంతా అమ్మవారు పోసి, బతకడం కష్టమన్నారట. బిడ్డ బతికితే ఏటా వేషం కట్టిస్తానని తల్లి మొక్కుకుంది. ఆమె బతికినన్నాళ్ళు తానే చీర కట్టేది. పెళ్ళయ్యాక ఆ పని కోమలి చేతికి వచ్చింది. కోమలి ఐర్లాండు పోయాక రెండేళ్ళూ వదిన కట్టింది. ఈసారి వదినకు జ్వరం.

ఫోనును అద్దానికి ఆనించి పెట్టి, మునికుమార్ తానే చీర పట్టుకున్నాడు. అవతల కోమలి ఆసుపత్రి భోజనాల గదిలో కూర్చొని ఉంది. నెలన్నరగా ఇద్దరి మధ్యా పొడి మాటలే. కానీ చీర కుచ్చెళ్ళు చూసేసరికి ఆమె ఊరుకోలేకపోయింది.

"అదేంది మామా, గోనెసంచి చుట్టినట్టు చుడతా ఉండావు? కుచ్చెళ్ళు ఎడమపక్కకి పెట్టు. మోటారుకి తీగ అంత బాగా చుడతావే, చీర చుట్టేదానికి ఏమొచ్చింది నీకు?"

"తీగ జారదు మే. ఇది జారిపోతాది."

"పిన్ను పెట్టు. రెండు పెట్టు. అది నా పెండ్లి చీర, పోగు లేచిందంటే ఊరుకోను."

చాలా రోజుల తర్వాత ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక కోమలి మెల్లిగా, "గడువు ఇంక పదకొండు రోజులే ఉండాది మామా" అంది. అంతలో ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయింది.

మొహానికి పసుపు, కళ్ళకు కాటుక, సవరం నిండా మల్లెపూలు, చేతిలో వేపమండ. మునికుమార్ బయటికి వచ్చాడు. రోజూ ఏదో ఒక మాట విసిరే బంకు మనుషులంతా పక్కకు జరిగారు. "అమ్మవారికి దారి ఇడవండప్పా" అని వరదయ్య కేకేశాడు. చెంబుతో మజ్జిగ తెచ్చి రెండు చేతులా అందించాడు. ఎవరూ నవ్వలేదు. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకామె బిడ్డ తలకు వేపమండ తాకించమని అడిగింది.

గుడిలో మొక్కు తీర్చుకొని వచ్చే దారిలో చంద్రకాంతమ్మ టీచరు ఇల్లు ఉంది. మునికుమార్‌కూ కోమలికీ చదువు చెప్పి, పదవీ విరమణ చేసి విశ్రాంతిగా ఉన్న మనిషి ఆమె. ఏటా ప్రసాదం ఇచ్చి పోవడం అతనికి అలవాటు. కుంకుమ అద్దుకొని ఆమె నేరుగా అడిగింది.

"కోమలి ఫోన్ చేసింది నాకు. ఆ జవాబేదో చూపించు."

చీర కొంగుతో చెమట తుడుచుకొని మునికుమార్ ఫోను ఇచ్చాడు. ఆమె కళ్ళజోడు సర్దుకొని రెండుసార్లు చదివింది.

"మీ ఇద్దరి ఉత్తరాలకూ పొంతన లేదని రాసినారు. పెళ్ళి రోజు తప్ప ఆ తర్వాత మీరు కలిసి బతికినట్టు చూపే ఆధారాలు చాలవని రాసినారు. వాళ్ళు రాసింది సరిగానే ఉండాది కదా, కుమారా?"

అతను చేతిలోని వేపమండ పక్కన పెట్టాడు.

"ఈ వేషంతో ఊరంతా తిరిగొచ్చినావు. ఎవురన్నా నవ్వినారా?"

"లేదు టీచరమ్మా. దారి ఇచ్చినారు."

"నీకు సిగ్గేసిందా?"

"అమ్మ మొక్కు కదా, సిగ్గెందుకు?"

"కోమలి చీర కట్టుకొని నడిబజార్లో నడిచేదానికి సిగ్గులేదు నీకు. కోమలి మీద ఆధారపడతాను అని ఒక్క ముక్క రాసేదానికి మాత్రం సిగ్గొచ్చింది! కొన్నాళ్ళు భార్య సంపాదనతో బతికితే మగతనం తగ్గిపోదు నాయనా. దాన్ని కప్పిపెట్టేదానికి అబద్ధం మీద సంతకం పెట్టినావు చూడు, ఆడ తగ్గింది నీ విలువ. ఆ అబద్ధానికి వెల నువ్వేం కట్టలేదు, ఆ పిల్ల తన ఉద్యోగంతో కడతా ఉండాది."

మునికుమార్ నుదుటి పసుపు చెమటకు కరిగి కాటుకలో కలిసింది. దాన్ని తుడుచుకొని, "కాగితం ఇయ్యండి టీచరమ్మా. నేనే రాస్తా. మీరు ఇంగ్లీషులోకి మార్చండి" అన్నాడు.

చీరలోనే కూర్చొని రాశాడు.

"ముందు పంపిన ఉత్తరంలో షెడ్డు నాదని ఉంది. అది నిజం కాదు. నేను అందులో పనివాణ్ణి. నా భార్యను నేను పోషిస్తానని ఉంది. అదీ నిజం కాదు. అక్కడికి వచ్చాక మొదట్లో ఆమె జీతంతోనే ఇద్దరం బతుకుతాం. నాకు పని దొరికాక నేనూ చేస్తాను. సిగ్గుపడి తప్పు రాయించాను, క్షమించండి. మేము రాసుకున్న మెసేజీలన్నీ ఇప్పుడు పంపుతున్నాను. మా ఇద్దరి ఫొటో కూడా ఒకటి పంపుతున్నాను. చీరలో ఉన్నది నేను. నోట్లో ఒక పిన్ను పెట్టుకొని, నా భుజం మీద ఇంకో పిన్ను పెడుతున్నది నా భార్య. ఇది మా ఊరి అమ్మవారి మొక్కు. ఏడాదికి ఒకసారే కడతాను."

ఆ ఫొటో పెళ్ళైన మొదటి ఏడు వదిన తీసింది. అందులో ఇద్దరూ కెమెరా వైపు చూడడం లేదు. పిన్ను గుచ్చుకున్నట్టుంది, అతను మొహం చిట్లించాడు. ఆమె నవ్వు ఆపుకుంటోంది.

"ఇది పంపితే వాళ్ళు నవ్వరా టీచరమ్మా?"

"నవ్వితే నవ్వనీ. మొగుడూ పెండ్లాం ఎట్లా ఉంటారో వాళ్ళకి మాత్రం తెలీదా?"

ఆగస్టులో వీసా వచ్చింది.

ఆ రోజు మునికుమార్ పని మధ్యలో లేచి, మసి చేతులతోనే వరదయ్య బంకు దగ్గరికి పోయాడు. "అందరికీ టీ ఇయ్యన్నా. వీసా వచ్చింది" అన్నాడు.

"మంచిది అప్పా! ఆ మోటార్ల కంపెనీకేనా?"

"కంపెనీ లేదు, ఏమీ లేదన్నా. ఆ పొద్దు అబద్ధం చెప్పినా. నా పెండ్లాం పిలిపించుకుంటా ఉండాది. ఆమె మీద ఆధారపడి పోతా ఉండాను. ముందు వంటపని, తర్వాత ఏదన్నా మోటారు పని. మోటార్లు ఆడ మాత్రం కాలిపోవా?"

బెంచీ మీద ఉన్న ఒకాయన ఊరుకోలేక, "అంటే పెండ్లాం కొంగు పట్టుకొని పోతా ఉండావన్నమాట!" అన్నాడు.

"పట్టుకునేదేందన్నా, ఆ కొంగు భుజాన వేసుకొనే గదా జాతరలో మీ ముందర నడిచింది! ఆ పొద్దు దారి ఇచ్చినారు. ఈ పొద్దు కూడా ఇయ్యండి" అన్నాడు మునికుమార్.

బంకు దగ్గర ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ మాట అన్నాయన కూడా నవ్వాడు. వరదయ్య టీ డబ్బులు తీసుకోలేదు.

ఆ సాయంత్రం మునిశేఖర్ అన్నానికి కూర్చున్నాడు. భోజనం ముగించి, కాసేపు తటపటాయించి, తిన్న పళ్ళేన్ని తానే ఎత్తుకుపోయి కుళాయి దగ్గర పెట్టాడు. కడగలేదు. అయినా వదిన చూసింది, మునికుమార్ చూశాడు.

అమ్మవారి పేరు మీద ఆడదాని చీరకు ఏడాదికొక రోజు దారి ఇస్తున్న మనం, ఆ చీర కట్టి కష్టపడే మనిషి సంపాదనకు కూడా మిగిలిన రోజులన్నీ అంతే మర్యాదగా దారి ఇవ్వడం నేర్చుకోవాలి.