ఎర్ర గుడ్డ చుట్టిన టార్చి

మా ఊరు బలసముద్రం మీద మబ్బు జాడ లేదు, వేరుశనగ నిలువునా ఎండుతోంది. సోలార్ ప్లాంటులో నాతోపాటు ప్యానెళ్లు కడుగుతూ హొన్నూరమ్మక్క అడిగింది: "వాన కోసం రేపు కప్పతల్లిని రోకలికి కట్టి ఊరంతా తిప్పుతాం. మీ తొట్టిలోని కప్ప ఒకటి ఇస్తావా?"

"తీసుకుపోక్కా" అనేశాను. నా నోటికి తాళం ఎప్పుడుంది గనక! ఆ రెండు గోండ్రుకప్పలంటే నా కూతురు భూమికకు ప్రాణమని అన్నాక గుర్తొచ్చింది.

ఆ రాత్రి భూమికకు జ్వరం. ఎర్ర రవికగుడ్డ చుట్టిన టార్చి నా చేతిలో పెట్టి తొట్టి పక్కన కూర్చోబెట్టింది.

"గుడ్డ తీయొద్దుమా, తెల్ల వెలుగుకు బెదురుతాయి. కదలొద్దు. మాట్లాడొద్దు. పెద్దది మూడు దినాలుగా ఏమీ తినలేదు. ఈ పొద్దన్నా తింటాదేమో చూడు."

కదలకుండా కూర్చోవడం నా వల్ల అయ్యే పనా? దోమ కుడితే కొట్టకూడదు, కాలు తిమ్మిరెక్కితే చాపకూడదు. పైగా పిల్లకు ఎలా చెప్పాలన్న గుబులు. రోకలికి కట్టిన కప్ప సాయంత్రానికి బతికుండగా నేనెన్నడూ చూడలేదు.

చాలాసేపటికి పెద్దది కదిలింది. దాని ముందరి ఎడమకాలికి ఒక వేలు లేదు. పురుగును గబుక్కున అందుకుని, కళ్లు మూసుకుని మింగింది. అన్నం ముద్ద పెద్దదైతే భూమిక కూడా అలాగే మూసుకుంటుంది. నాకు సంతోషం పట్టలేదు, రేపు దీన్నే రోకలికి కడతారేమోనని వెంటనే భయమూ వేసింది. హొన్నూరమ్మక్కకు కాదని చెప్పే ధైర్యం లేక, రెండింటినీ చేటలో వేసి, పైన కొంగు కప్పి తీసుకెళ్లి సోలార్ ప్లాంటు కంచె దగ్గర లైటు కింద వదిలేశాను. అక్కడ పురుగులు బాగా దొరుకుతాయి. పారిపోయాయంటే సరిపోతుంది.

పొద్దున ఖాళీ తొట్టి చూసి భూమిక ఏడ్చింది. "గుడ్డ తీసి టార్చి కొట్టినావు కదా? అవి బెదిరిపోయినాయి."

అవునని తలూపాను.

అంతలోనే వాకిట్లో పాట వినిపించింది. హొన్నూరమ్మక్క భుజాన రోకలి, దానికి వేపమండల మధ్య కట్టిన కప్ప.

"నీది వద్దులే తిప్పమ్మా, కంచె లైటు కింద ఇది దొరికింది. నీళ్లు పొయ్యి."

చెంబు ఎత్తి చూశాను. ముందరి ఎడమకాలికి వేలు లేదు.

భూమిక కూడా చూసింది. "మా, ఇది ఆడికెట్ల పోయింది?"

"నేనే వదిలినా" అన్నాను.

చెంబు కింద పెట్టి దారం విప్పడం మొదలుపెట్టాను. హొన్నూరమ్మక్క కేకలేస్తోంది. ముడి బిగుసుకుపోయి రావడం లేదు. భూమిక నా చేతులు పక్కకు తోసి, ఆ దారాన్ని పళ్లతో కొరికింది.