కొత్తగా మెరిసిన పాత రైఫిల్

బీరువాలోంచి తీసి చూస్తే తాత వేట రైఫిల్ కొత్తదైపోయింది.

నర్మద దాన్ని మంచం మీద పెట్టి వెనక్కి జరిగింది. నిన్నమొన్నటి దాకా ఆ ఇంగ్లండు తుపాకి మసకబారిన గొట్టంతో, మరకలు పడిన కట్టెతో ఉండేది. ఇప్పుడు గొట్టం స్టీలు గ్లాసులా తళతళలాడుతోంది. కట్టె ఎర్రగా నిగనిగలాడుతోంది.

"బాపూ! ఇది మనది కాదు!"

తండ్రి రమాకాంత్ హాల్లోంచి వచ్చాడు. కరెంటాఫీసులో రిటైరైన మనిషి. తాత పోయాక లైసెన్సు ఆయన పేరు మీదికి మారింది.

"మనది గాకుంటే ఎవలది? నంబరు చూడు."

చూసింది. లైసెన్సులో ఉన్న నంబరే. ఎత్తి చూస్తే బరువూ అదే. మరి ఏం జరిగినట్టు?

ఆలోచించడానికి సమయం లేదు. దాన్ని కొనడానికి, పాత తుపాకులు సేకరించే జైపాల్ సార్ నారాయణగూడ నుంచి బయల్దేరాడు. అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ మెట్ల కింద బల్ల వేసుకుని పరీక్షల పుస్తకాలు అమ్ముతోంది నర్మద. ఎదురుగా ఒక ముల్గీ, చిన్న షాపు గది, ఖాళీ అయింది. సాయంత్రంలోగా అడ్వాన్స్ ఇవ్వకపోతే అది జిరాక్సు వాళ్లకు పోతుంది. ఈ తుపాకి అమ్ముడైతేనే ఆ అడ్వాన్స్.

"ఎలక్షన్లప్పుడు స్టేషన్ల డిపాజిట్ చేసినం గద బాపూ. ఆడ మారిందేమో!"

"అవ్, ఆడ్నే అయ్యుంటది."

"పా, పోయి అడుగుదాం."

"ఇప్పుడా? సార్ వచ్చే టైముకు పోలీసులతోటి పంచాయితీ ఏంది బిడ్డా? జర ఆగు."

నర్మద ఫోన్ తీసింది. జైపాల్‌కు పంపిన ఫొటోలు స్టేషన్ నుంచి తెచ్చాక తీసినవే. వాటిలో తుపాకి పాతగానే ఉంది. అంటే మారింది ఈ ఇంట్లోనే! తాళం పగల్లేదు. దొంగ వస్తే ఎత్తుకుపోతాడు గానీ తుడిచి పెట్టిపోతాడా?

వంగి వాసన చూసింది. పూజగది తలుపు వాసన! దసరాకు ఆ తలుపుకు పాలిష్ పెట్టింది వడ్రంగి కనకయ్య. వెంటనే ఫోన్ చేసింది.

"కనకయ్యన్నా, మా తుపాకి గిట్ల ముట్టినవా?"

"నాకేం పుట్టిందక్కా తుపాకులు ముట్టనీకి? తలుపేసిన, కుర్చీలేసిన. మిగిలిన పాలిష్ డబ్బ, ఉప్పుకాగితం మీ బాపే అడిగి తీస్కున్నడు."

నర్మద తండ్రి వైపు తిరిగింది. ఆయన కిటికీ వైపు తిరిగాడు. అప్పుడే బెల్ మోగింది.

జైపాల్ తుపాకిని ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. గొట్టం మీద వేలితో తడిమాడు.

"కంపెనీ ముద్ర అరిగిపోయిందమ్మా. అప్పటి నల్లరంగు మొత్తం పోయింది. పట్టు జారకుండా కట్టె మీద చెక్కిన గళ్లు సాఫ్ అయినయి. పాత తుపాకిని పాతగుంటేనే కొంటం. గిప్పుడు పావొంతు గూడ పలకది."

"మళ్ల పాతగ చేపియ్యరాదా సార్?"

"చేపిస్తే అది ఇంకో మార్పు. ఇగో, ఫొటోల ఈ నల్లమచ్చ చూడు. గురి చూసేటప్పుడు చెంప ఆనే చోటు. ఏండ్లకొద్ది మీ తాత చెంప రాసుకొని పడ్డ మచ్చ. నేను వచ్చిందే దీని కోసం."

తుపాకిని మెల్లగా మంచం మీద పెట్టి లేచాడు.

"బాపూ, ఎందుకు చేసినవ్?"

రమాకాంత్ అప్పుడు నోరు విప్పాడు.

"నేనే చేసిన బిడ్డా. దసరానాడు అమ్మవారి ముంగట పెడితే మురికి మురికిగ కొట్టింది. ఇల్లు అమ్మేముందు సున్నమెయ్యమా? బండి అమ్మేముందు పాలిష్ కొట్టమా? గట్లనే అనుకున్న. నువ్వు పుస్తకాల బల్లకాడికి పోయినంక డ్రిల్లు మిషన్‌కు గుడ్డ చక్రం పెట్టి గొట్టం రుద్దిన. నాలుగు పైసలు ఎక్కువొస్తే ముల్గీల ర్యాకులు గూడ చేపిద్దామనుకున్న. ఆ నల్లమచ్చ మాత్రం ఒక పట్టాన పోలేదు. మొండిది. పొద్దంతా గూసుండి, చేతులు బొబ్బలెక్కేదాంక గీకిన. అది మా నాయిన చెంపని నాకేం ఎర్క?"